సముద్రంలో చమురు ఒలికితే దోషం ఎవరిది? మకాండో బావి తీర్పు మీద చర్చ

వాదప్రతివాది:

2010 ఏప్రిల్ 20 రాత్రి మెక్సికో గల్ఫ్‌లో సముద్రపు చమురు బావి తవ్వుతున్న డీప్‌వాటర్ హొరైజన్ రిగ్ పేలిపోయి 11 మంది చనిపోయారు. లూసియానా తీరానికి సుమారు 66 కిలోమీటర్ల దూరంలో, 1,500 మీటర్ల నీటి అడుగున ఉన్న మకాండో బావి నుంచి 87 రోజుల పాటు చమురు సముద్రంలోకి ఎగదన్నుతూనే ఉంది. 2014 సెప్టెంబరు 4న న్యూ ఆర్లీన్స్‌లోని ఫెడరల్ న్యాయమూర్తి కార్ల్ బార్బియర్ తప్పును శాతాల్లో పంచారు. బావిని నడిపే ఆపరేటరైన చమురు సంస్థ బీపీకి 67, రిగ్ యజమాని అయిన ట్రాన్స్‌ఓషన్‌కు 30, సిమెంట్ పని చేసిన హాలిబర్టన్‌కు 3 వచ్చాయి. బీపీది ఘోరమైన నిర్లక్ష్యమనీ, మిగతా రెండు సంస్థలది మామూలు నిర్లక్ష్యమనీ తేల్చారు.

తీర్పు చదివినప్పటి నుంచి నన్ను ఒక ప్రశ్న వదలడం లేదు. ఈ శాతాలు డబ్బు పంచుకోవడానికి పనికొస్తాయి, అందులో నాకు పేచీ లేదు. అయితే 11 మంది చావుకూ, తీరం పాడవడానికీ ఉన్న నైతిక బాధ్యతను కూడా ఇలాగే ముక్కలు చేయవచ్చా? హాలిబర్టన్ దోషం నూటికి మూడే అంటే, దాని పాపం కూడా నూటికి మూడేనా? చట్టం తెలిసినవారూ, రిగ్గుల మీద పనిచేసినవారూ మీ అభిప్రాయం రాయండి.

బావిలోతు:

నేను సముద్రపు బావుల సిమెంట్ పనిలో చాలాకాలం ఉన్నవాణ్ణి కాబట్టి ముందు ఆ రాత్రి జరిగిన ఒక్క పరీక్ష గురించి రాస్తాను. అది అర్థం కాకపోతే ఎవరికి ఎంత శాతమన్న లెక్క గాలిలో మాటే అవుతుంది.

బావి అడుగున సిమెంట్ వేశాక, రిగ్ అక్కడి నుంచి వెళ్లిపోయే ముందు, పైనున్న బరువైన మడ్‌ను, అంటే తవ్వేటప్పుడు బావిలో నింపే బురదలాంటి ద్రవాన్ని, కొంతమేర తీసేసి దాని స్థానంలో తేలికైన సముద్రపు నీటిని నింపుతారు. అలా చేసినప్పుడు అడుగునున్న గ్యాసు ఒత్తిడిని సిమెంట్ ఒక్కటే ఆపగలగాలి. ఆపుతున్నదా లేదా అని చూసేదే నెగటివ్ ప్రెషర్ టెస్ట్. ఆ సాయంత్రం డ్రిల్ పైపు గేజీ మీద 1,400 పీఎస్‌ఐ (ఒత్తిడి కొలత) కనిపించింది. అదే బావిలోకి తెరుచుకున్న మరో సన్న గొట్టం, కిల్ లైన్‌లో సున్నా కనిపించింది. రెండూ ఒకే బావితో కలిసి ఉన్నప్పుడు రెండు రకాల ఒత్తిడి ఉండడానికి వీల్లేదు. కిల్ లైన్ ఎక్కడో మూసుకుపోయి ఉండాలి, పైపులోని 1,400 బావి మాట్లాడుతున్న మాట అయి ఉండాలి. రిగ్ సిబ్బందిలో ఒకరు దీన్ని 'బ్లాడర్ ఎఫెక్ట్' అని వివరించారు, అంటే పైనున్న మడ్ బరువు లోపలికి నొక్కడం వల్ల అలా కనిపిస్తుందని. రిగ్ మీదున్న బీపీ ప్రతినిధులు ఆ వివరణను ఒప్పుకుని, కిల్ లైన్ సున్నాను లెక్కలోకి తీసుకుని, పరీక్ష నెగ్గిందని రాసుకున్నారు.

రాత్రి 8:52కి రిగ్ మీది బీపీ ప్రతినిధి హ్యూస్టన్‌లోని బీపీ ఆఫీసు ఇంజనీరుతో ఫోనులో మాట్లాడినప్పుడు ఈ తేడా ప్రస్తావనకు వచ్చింది. అప్పటికి ఇంకా సమయం ఉంది. పని ఆపి మళ్లీ పరీక్ష చేద్దామని ఇద్దరిలో ఎవరూ అనలేదు. సుమారు 9:40కి మడ్ రిగ్ అంతస్తు మీదికి పొంగింది. సిబ్బంది ఆ ప్రవాహాన్ని నేరుగా సముద్రంలోకి మళ్లించకుండా మడ్-గ్యాస్ సెపరేటర్‌లోకి మళ్లించారు. అంత గ్యాసును తట్టుకునే శక్తి దానికి లేదు, అది రిగ్ అంతటా పరుచుకుంది. 9:49కి మొదటి పేలుడు.

ఇందులో చేతులు ఎన్నో చూడండి. వివరణ ఇచ్చింది ట్రాన్స్‌ఓషన్ మనిషి, ఒప్పుకున్నది బీపీ మనుషులు, పరీక్షకు నిలవనిది హాలిబర్టన్ సిమెంట్.

శరత్‌చంద్రిక:

బావిలోతు గారు చెప్పినదంతా నిజమే, కానీ అలా చెబితే దోషం మొత్తం ఆ రాత్రి డ్యూటీలో ఉన్న నలుగురైదుగురి మీదికి జారిపోతుంది. సంస్థలకు కావలసింది సరిగ్గా అదే. ఆ బావి పని అప్పటికే గడువు దాటింది, ఖర్చు అంచనా మించింది, రిగ్ సముద్రంలో నిలబడి ఉండటానికి రోజుకు దాదాపు 10 లక్షల డాలర్లు అవుతున్నది. కేసింగ్‌ను, అంటే బావి లోపల దించే ఉక్కు గొట్టాన్ని, బావి మధ్యలో నిలిపే సెంట్రలైజర్లు 21 ఉండాలని హాలిబర్టన్ నమూనా సూచిస్తే 6 మాత్రమే దించారు. సిమెంట్ బాగా పట్టిందో లేదో చూసే లాగ్ తీయడానికి రిగ్ మీదికి వచ్చిన బృందాన్ని ఆ రోజు ఉదయమే వెనక్కి పంపించారు. వీటిలో ఏ ఒక్కటీ రిగ్ అంతస్తు మీద నిలబడ్డవాడి నిర్ణయం కాదు.

పైగా బీపీకి అది మొదటిసారి కాదు. 2005 మార్చి 23న టెక్సాస్ సిటీ రిఫైనరీలో 15 మంది చనిపోయారు, 2006లో అలాస్కాలోని ప్రూడో బేలో తుప్పుపట్టిన పైపులైను కారింది. ఒకే సంస్థలో ఒకే రకం అలసత్వం మూడు చోట్ల కనిపించినప్పుడు దాన్ని గేజీ తప్పుగా చదివినవాడి పొరపాటుగా చూడలేము. 67 శాతం నా దృష్టిలో తక్కువే.

బావిలోతు:

శరత్‌చంద్రిక గారూ, హాలిబర్టన్‌ను అంత తేలికగా వదలకండి. వారు వాడిన నైట్రోజన్ నురుగు సిమెంట్ నిలకడగా లేదని వారి ప్రయోగశాల పరీక్షల్లోనే ముందుగా సూచనలు కనిపించాయని అధ్యక్షుడు నియమించిన జాతీయ కమిషన్ 2011 జనవరి నివేదికలో రాసింది. ప్రమాదం తర్వాత 6 సెంట్రలైజర్లకూ 21కీ తేడా ఎంతో చూడటానికి వారు కంప్యూటర్ మీద లెక్క కట్టించారు, పెద్ద తేడా లేదని వస్తే దాన్ని చెరిపేయించారు. 2013లో ఆ నేరం ఒప్పుకున్నారు, జరిమానా 2 లక్షల డాలర్లు. సాక్ష్యం చెరపడానికి అంతకన్నా చవకైన ధర నేను చూడలేదు.

ట్రాన్స్‌ఓషన్ సంగతీ అంతే. బావి పొంగితే మూసేయడానికి దాని నోట కూర్చున్న బ్లోఔట్ ప్రివెంటర్ వారి ఆస్తి, దాని పోషణ వారి పని. దాన్ని నడిపే రెండు కంట్రోల్ పాడ్‌లలో ఒకదాని బ్యాటరీ నీరసించి ఉంది, రెండోదానిలో వైరింగ్ తారుమారై ఉంది. చివరికి పైపును కోసే కత్తెర కదిలినా, పైపు వంగి పక్కకు జరిగి ఉండటంతో పూర్తిగా కోయలేకపోయింది.

తీరవాసి:

ఎవరి నిర్లక్ష్యం ఎంత అన్నది తేలడానికి నాలుగేళ్లు పట్టిందని మొదటి వ్యాఖ్యలోనే ఉంది. రొయ్యల వేటగాడికీ, తీరం మీద చిన్న హోటల్ నడిపేవాడికీ ఆ నాలుగేళ్లు ఎలా గడవాలి? ఎక్సాన్ వాల్డీజ్ అనే చమురు ఓడ ప్రమాదం తర్వాత వచ్చిన 1990 నాటి చమురు కాలుష్య చట్టం ఈ చిక్కును ముందే గుర్తించింది. లీజు పొందినవాడు బాధ్యుడు, తప్పు ఉన్నా లేకున్నా ముందు కట్టాలి, ఆ తర్వాత తోటివారి నుంచి రాబట్టుకోవాలంటే అది అతని గొడవ. నన్నడిగితే మొత్తం వ్యవహారంలో న్యాయానికి అతి దగ్గరగా ఉన్న నియమం ఇదే.

అయితే ఆ చట్టానికి ఒక మెలిక ఉంది. శుభ్రం చేసే ఖర్చు పూర్తిగా కట్టాలి కానీ, ఆర్థిక నష్టాలకు అప్పట్లో పరిమితి 7.5 కోట్ల డాలర్లే. ఘోర నిర్లక్ష్యం గానీ భద్రతా నిబంధనల ఉల్లంఘన గానీ రుజువైతేనే ఆ పరిమితి తొలగుతుంది. బీపీ తనంతట తాను దాన్ని వదులుకుంది. ట్రాన్స్‌ఓషన్ మాత్రం ఓడల యజమానులను కాపాడటానికి 1851లో చేసిన చట్టాన్ని పట్టుకుని, తన బాధ్యతను సుమారు 2.7 కోట్ల డాలర్లకు కుదించమని కోర్టుకెక్కింది. తెరచాప ఓడల కాలపు చట్టాన్ని సముద్రపు అడుగు తొలిచే రిగ్గుకు వర్తింపజేయమని అడగడానికి ఎంత గుండె కావాలో ఆలోచించండి.

లెక్కలమాస్టారు:

తప్పు లేకుండా కట్టడానికి మంచి ఉదాహరణ అనాడార్కో అనే చమురు కంపెనీ. మకాండో లీజులో దానికి 25 శాతం వాటా ఉండేది, బావి నడపడంలో చేయి లేదు. కోర్టు కూడా దానికి దోషం అంటగట్టలేదు. అయినా బావిలో యాజమాన్యం ఉన్నందుకు శుభ్రజల చట్టం కింద 15.95 కోట్ల డాలర్ల జరిమానా వేసింది. దోషం లేని బాధ్యత అంటే అది.

ఆ చట్టం జరిమానాను బారెళ్ల లెక్కన వేస్తుంది, అప్పట్లో మామూలు తప్పుకు బారెల్‌కు 1,100 డాలర్లు, ఘోర నిర్లక్ష్యానికి 4,300 దాకా. అందువల్ల ఎంత ఒలికిందన్నదే పెద్ద వ్యాజ్యమైంది. బావి నుంచి మొత్తం 49 లక్షల బారెళ్లు వెలువడ్డాయని ప్రభుత్వ శాస్త్రవేత్తలు అంచనా వేశారు. కోర్టు మాత్రం వెలువడింది 40 లక్షలేనని తీసుకుంది. పట్టి నింపుకున్న 8.1 లక్షలు తీసేసి, సముద్రంలో కలిసింది 31.9 లక్షల బారెళ్లని 2015 జనవరిలో కోర్టు తేల్చింది. ఆ లెక్కన గరిష్ఠ జరిమానా దాదాపు 1,370 కోట్ల డాలర్లు. చివరికి రాజీలో ఆ పద్దు కింద 550 కోట్లకు ఒప్పుకున్నారు, ప్రభుత్వాలతో మొత్తం రాజీ 2,080 కోట్లు. అందులో జరిమానా మినహా చాలా భాగాన్ని పన్ను లెక్కల్లో ఖర్చుగా చూపుకునే వీలుంది. అంటే దోషపు భారంలో కొంత పన్ను కట్టే పౌరుడి నెత్తికే ఎక్కింది.

ధర్మసందేహం:

నేను చట్టం చదవలేదు, వాదప్రతివాది గారి అసలు ప్రశ్నకే జవాబు ఇస్తాను. నష్టపరిహారం ఒక పరిమిత మొత్తం కాబట్టి పంచితే ఒకరి వాటా పెరిగినకొద్దీ మరొకరిది తగ్గుతుంది. నైతిక దోషానికి ఆ లక్షణం లేదు. ఒకే పల్లకిని నలుగురు మోస్తూ నలుగురూ ఒకేసారి వదిలేస్తే, పడిపోయినవాడి పట్ల ఒక్కొక్కరూ పూర్తిగా దోషులే, పావు వంతు దోషులు కారు. మకాండోలో సిమెంట్ నిలిచినా, పరీక్షను సరిగ్గా చదివినా, కత్తెర కోసినా ఇంత జరిగేది కాదు. ఆపగలిగి ఆపనివాడి దోషాన్ని అతని చేతిలో ఉన్న అధికారంతో కొలవాలి, పక్కవాడి దోషంతో పోల్చి తగ్గించకూడదు.

అదే కొలతతో చూస్తే, చమురు వాడే మనమందరమూ దోషులమే అన్న వాదనకు బలం లేదు. గిరాకీ వల్లనే లోతు సముద్రానికి వెళ్లారన్నది నిజం. కానీ 21 సెంట్రలైజర్లు దించాలా, 6 చాలా అన్న చోట వాడకందారుకు నోరు లేదు. అందరినీ దోషుల్ని చేస్తే ఎవ్వరినీ చేయనట్టే, ఆ వాదన వినడానికి వినయంగా ఉన్నా ఉపయోగం మాత్రం కంపెనీకే.

శరత్‌చంద్రిక:

ధర్మసందేహం గారి కొలతను నేను ప్రభుత్వం మీద కూడా పెడతాను. అప్పటి నియంత్రణ సంస్థ అయిన మినరల్స్ మేనేజ్‌మెంట్ సర్వీస్ లీజుల ఆదాయం వసూలు చేసేది, భద్రతా తనిఖీలూ చేసేది. ఆదాయం పెంచవలసినవాడే పనిని ఆపవలసినవాడు కూడా అయితే ఏది గెలుస్తుందో చెప్పనక్కరలేదు. బావిలోతు గారు వర్ణించిన నెగటివ్ ప్రెషర్ టెస్ట్ చేయాలని గానీ, ఎలా చేయాలని గానీ అప్పటి నిబంధనల్లో ఒక్క ముక్క లేదు. బీపీ గల్ఫ్ కోసం సమర్పించిన చమురు ప్రమాద ప్రణాళికలో కాపాడవలసిన జంతువుల జాబితాలో వాల్రస్‌లు ఉన్నాయి. ఆ వెచ్చటి నీళ్లలో వాల్రస్ ఎక్కడిది? సంప్రదించవలసిన నిపుణుల్లో అప్పటికే మరణించిన ఒక శాస్త్రవేత్త పేరు ఉంది. మరో ప్రాంతం కోసం రాసిన కాగితాన్ని తిరగరాయకుండా ఇచ్చారు, ఇవతల చదవకుండా ముద్ర వేశారు. తర్వాత ఆ సంస్థను విడగొట్టి ఆదాయం, లీజులు, భద్రత మూడు వేర్వేరు కార్యాలయాలకు అప్పగించారు. బార్బియర్ పంచిన నూటిలో మాత్రం ప్రభుత్వానికి ఒక్క శాతమూ లేదు.

వాదప్రతివాది:

దానికి చట్టపరమైన కారణం ఉంది. విధాన విచక్షణతో తీసుకున్న నిర్ణయాలకు అమెరికా ప్రభుత్వం మీద నష్టపరిహార దావా వేయడానికి వీలు లేదు. న్యాయమూర్తి పంచింది తన ముందు నిలిచిన ప్రతివాదుల మధ్యనే. అందుకే ఆ నూరు శాతాన్ని జరిగిన తప్పు మొత్తంగా చదవకూడదని నా మనవి.

ఇంకొక విషయం సాధారణ పాఠకులకు తెలియదు. ఆ శాతాలు డబ్బు రూపంలో కూడా పూర్తిగా అమలు కాలేదు. బీపీకీ ట్రాన్స్‌ఓషన్‌కూ మధ్య డ్రిల్లింగ్ ఒప్పందంలో, భూగర్భం నుంచి వచ్చే కాలుష్యానికి ఇతరులు వేసే దావాల భారం బీపీదేనని రాసి ఉంది. ట్రాన్స్‌ఓషన్ వైపు ఘోర నిర్లక్ష్యం ఉన్నా సరే ఆ షరతు చెల్లుతుందని 2012 జనవరిలో అదే న్యాయమూర్తి చెప్పారు, శిక్షారూపమైన పరిహారానికీ ప్రభుత్వ జరిమానాకూ మాత్రం చెల్లదన్నారు. ఈ వ్యాపారంలో ఇది మామూలు ఏర్పాటు. ఎవరు తప్పు చేసినా ఎవరు కట్టాలో తవ్వకం మొదలుకాక ముందే తేలిపోయి ఉంటుంది.

తీరవాసి:

సరిహద్దు అవతలివారి సంగతి ఇంకా దారుణం. 2009 ఆగస్టు 21న ఆస్ట్రేలియాకు చెందిన తిమోర్ సముద్ర భాగంలో మోంటారా బావి పొంగింది. మకాండోకు ఎనిమిది నెలల ముందు, అక్కడా సిమెంటే నిలవలేదు. థాయిలాండ్ ప్రభుత్వ చమురు సంస్థకు అనుబంధమైన పీటీటీఈపీ దాన్ని నడిపేది. 74 రోజులు కారింది. నేరం ఒప్పుకున్నందుకు 2012లో పడిన జరిమానా 5.1 లక్షల ఆస్ట్రేలియా డాలర్లు. చమురు ఇండోనేసియాలోని రోటె, కుపాంగ్ తీరాలకు చేరి, తాళ్లకు కట్టి పెంచే సముద్రపు నాచు పంట చచ్చిపోయిందని దాదాపు 15,000 మంది రైతుల తరఫున 2016లో సిడ్నీలో దావా పడింది. చమురు అంత దూరం రాలేదన్నది కంపెనీ వాదన. 2021 మార్చిలో ఫెడరల్ కోర్టు రైతుల పక్షాన తీర్పు ఇచ్చింది, వారి పట్ల జాగ్రత్త వహించే బాధ్యత కంపెనీకి ఉందని చెప్పింది. 2022లో 19.25 కోట్ల ఆస్ట్రేలియా డాలర్లకు రాజీ కుదిరింది. పంట పోయిన పదమూడేళ్లకు.

ఇక్కడ దోషం ఎవరిదన్న విషయంలో సందేహమే లేదు. ఆలస్యం చేసినవారి దోషాన్ని ఏ పద్దు కింద రాయాలి?

లెక్కలమాస్టారు:

ఆలస్యంతో పాటు అబద్ధాన్నీ చేర్చండి. బావి నుంచి రోజుకు 5,000 బారెళ్లే వస్తున్నాయని బీపీ అమెరికా చట్టసభ అయిన కాంగ్రెస్‌కు చెప్పిన రోజుల్లో దాని సొంత అంచనాలు అంతకన్నా చాలా ఎక్కువ చూపుతున్నాయి. 2012 నవంబరులో ఒప్పుకున్న 14 నేరాల్లో 11 మరణాలకు సంబంధించినవి పదకొండు, కాంగ్రెస్ విచారణను అడ్డుకున్నది ఒకటి, మిగతా రెండు కాలుష్యానికీ వలస పక్షులకూ సంబంధించినవి. దానికి చెల్లింపు 400 కోట్ల డాలర్లు. నిర్లక్ష్యం కన్నా ఈ అబద్ధం నాకు పెద్ద దోషంగా కనిపిస్తుంది. పేలుడు ఒక రాత్రి సంగతి, అబద్ధం తీరికగా కూర్చుని ఆడినది.

ధర్మసందేహం:

అన్ని నేరాలు ఒప్పుకున్నా జైలుకు వెళ్లినవారు ఎవరూ లేరు కదా?

వాదప్రతివాది:

లేరు. రిగ్ మీదున్న ఇద్దరు బీపీ పర్యవేక్షకుల మీద 2012లో నరహత్య అభియోగాలు మోపారు, 2015 డిసెంబరులో ప్రభుత్వమే వాటిని ఉపసంహరించుకుంది. ఒకరు కాలుష్యానికి సంబంధించిన చిన్న నేరం ఒప్పుకుని పది నెలల ప్రొబేషన్ పొందారు, మరొకరిని 2016లో జ్యూరీ నిర్దోషిగా వదిలింది. ఆ ఇద్దరికీ జైలు శిక్ష పడి ఉంటే న్యాయం జరిగేదని నేను అనుకోను. సెంట్రలైజర్ల లెక్క, లాగ్ బృందాన్ని వెనక్కి పంపడం, గడువు ఒత్తిడి అన్నీ హ్యూస్టన్ నుంచి దిగినప్పుడు, చివరి మెట్టు మీదున్నవాడిని మాత్రమే పట్టుకోవడం తేలిక కాబట్టి పట్టుకున్నట్టు ఉంటుంది. పై అధికారుల మీద కేసు ఎందుకు నిలవదంటే, ఏ ఒక్కరూ ప్రమాదకరమైన నిర్ణయాన్ని పూర్తిగా తీసుకోలేదు. తలా ఒక పిసరు తీసుకున్నారు.

బావిలోతు:

తలా ఒక పిసరు అన్న మాట నిజం. అందుకు ఒక మందు ఉందని చెబుతారు, పని ఆపే హక్కు. ప్రమాదం అనిపిస్తే ఎవరైనా పని ఆపవచ్చని మకాండో రిగ్ మీద కూడా కాగితాల్లో ఉంది. కాంట్రాక్టర్ మనిషిగా నేను చూసినది వేరు. నువ్వు పని ఆపితే తప్పని ఎవరూ అనరు. ఎందుకు ఆపావో రాయమంటారు, ఆ రాత పై ఆఫీసుకు వెళుతుంది, తర్వాతి బావికి వేరే బృందాన్ని పిలుస్తారు. గేజీ మీద 1,400 చూసి నోరు మూసుకున్నవాడిని నేను సమర్థించను. అతని అధికారం మాత్రం కాగితం మందమే. ధర్మసందేహం గారు చెప్పిన కొలతతోనే చూసినా, దోషం బరువు పని నిలిపినా ఉద్యోగం పోనివాడి మీదే ఎక్కువ పడాలి. అతడు హ్యూస్టన్‌లో ఉన్నాడు.

ఒక్క మంచి మార్పు జరిగింది. 2010 అక్టోబరు నిబంధనలతో నెగటివ్ టెస్ట్ తప్పనిసరి అయింది, కేసింగ్ సిమెంట్ రూపకల్పనకు గుర్తింపు పొందిన ఇంజనీరు సంతకం పెట్టాలి. సంతకం పెట్టినవాడికి భయం ఉంటుంది. నాకు తెలిసినంతలో కమిటీల కన్నా ఆ భయమే బాగా పనిచేస్తుంది.

శరత్‌చంద్రిక:

కాంట్రాక్టర్లకు ఆ భయం ఉందా? ఒప్పందంలో పరిహారం బీపీ మీదికి నెట్టుకున్నాక వారికి మిగిలింది ప్రభుత్వ శిక్ష ఒక్కటే కదా.

వాదప్రతివాది:

దాని కోసమే 2011 అక్టోబరులో నియంత్రణ సంస్థ మొదటిసారిగా ఆపరేటర్‌ను దాటి ట్రాన్స్‌ఓషన్‌కూ హాలిబర్టన్‌కూ నేరుగా ఉల్లంఘన నోటీసులు ఇచ్చింది. అప్పట్లో అది పెద్ద మలుపనుకున్నాం. 2012 నవంబరులో అదే గల్ఫ్‌లో బ్లాక్ ఎల్క్ అనే కంపెనీ ప్లాట్‌ఫారం మీద వెల్డింగ్ పనిలో పేలుడు జరిగి ముగ్గురు చనిపోయారు. కాంట్రాక్టర్ల మీద క్రిమినల్ కేసు పెడితే, ఆ భద్రతా నిబంధనలు లీజుదారులకూ ఆపరేటర్లకూ ఉద్దేశించినవే తప్ప కాంట్రాక్టర్లకు వర్తించవని 2017లో ఐదో సర్క్యూట్ అప్పీలు కోర్టు కొట్టేసింది.

కాబట్టి, శరత్‌చంద్రిక గారూ, మీ ప్రశ్నకు నా జవాబు ఇది. ఆ సముద్రంలో నిబంధన తప్పినందుకు నేరుగా జవాబు చెప్పవలసినవాడు ఇప్పటికీ ప్రధానంగా ఆపరేటరే. బాధితుడికి అందువల్ల మేలే, తలుపు తట్టడానికి ఒక్క చిరునామా చాలు. సిమెంట్ కలిపేవాడికీ, బ్లోఔట్ ప్రివెంటర్‌కు బ్యాటరీ మార్చవలసినవాడికీ మాత్రం చట్టం నుంచి వచ్చే హెచ్చరిక ఆపరేటర్ ఒప్పందం గుండా వడగట్టుకుని వస్తుంది, ఆ ఒప్పందంలో ఏముంటుందో పైనే రాశాను. దీన్ని కోర్టులు సరిచేయలేవు. కాంట్రాక్టర్‌ను కూడా పేరు పెట్టి చట్టంలోకి తేవాలంటే అది కాంగ్రెస్ చేతిలో పని.